అభినయ సాధన – 4వ పాఠం: చూపుకు చోటు

పోయిన పాఠంలో కనుబొమలు, మెడ కదలికలు అద్దం ముందు సాధన చేశాం. ఈ వారం ఆ అద్దం మీద ఒక దుప్పటి కప్పేయండి. అద్దం ఎదురుగా ఉంటే కళ్లు మన ముఖాన్నే వెతుక్కుంటాయి. ఈ పాఠమేమో ఎదుటి మనిషిని చూడడం గురించి.

నా దగ్గర కూచిపూడి నేర్చుకుంటున్న పదమూడేళ్ల అమ్మాయి ఒకరున్నారు. జతి, అంటే అడుగులకు పలికే తకధిమి లాంటి మాటలు, ఎంత వేగంగా చెప్పినా తాళం తప్పదు. సాహిత్యం, అంటే పాటలోని మాటలు, మొదలయ్యేసరికి మాత్రం ముఖం మీద ఒకే చిరునవ్వు అతికించినట్టు ఉండిపోయేది. "సిగ్గుపడకు, భావం పలికించు" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినకొద్దీ బిగుసుకుపోయేది. ఒకరోజు ఆ మాట మానేసి, "కృష్ణుడు ఎక్కడ నిలబడ్డాడమ్మా?" అని అడిగాను. తెల్లబోయి చూసింది. అన్నాళ్లుగా పాటలోని ఆ కృష్ణుడికి నిలబడడానికి చోటే లేదు! కిటికీ గూట్లో ఒక ఇత్తడి చెంబు పెట్టి, "అదుగో, అక్కడున్నాడు" అన్నాను. ఆ పూట ఆమె నవ్వు మొదటిసారి మధ్యలో ఆగి, కాసేపు పోయి, మళ్లీ వచ్చింది. తప్పు ఆమెది కాదు, నేను అడిగిన తీరుది.

నందికేశ్వరుడు రాసిన నాట్య గ్రంథం అభినయ దర్పణంలోని ఈ శ్లోకం నాట్యం నేర్చుకునే పిల్లలందరికీ నోటికి వస్తుంది:

యతో హస్తస్తతో దృష్టిః, యతో దృష్టిస్తతో మనః,
యతో మనస్తతో భావో, యతో భావస్తతో రసః.

చెయ్యి ఎటు వెళితే చూపు అటు, చూపు ఎటు వెళితే మనసు అటు, మనసున్న చోట భావం, భావమున్న చోట రసం, అంటే చూసేవారు పొందే అనుభూతి. వరుస గమనించండి. భావం నాలుగో మెట్టు. మనం పిల్లల్ని తిన్నగా నాలుగో మెట్టెక్కమని తొందరపెడుతున్నాం. రెండో మెట్టు, అంటే చూపు, మన వశంలో ఉన్న పని. చూపును ఎక్కడ నిలపాలో ఎవరైనా నేర్చుకోగలరు.

ముందు వంటింట్లోకి వెళ్లండి. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేదాకా పక్కనే నిలబడండి. మీగడ అంచు వణికినప్పుడు మీ కళ్లు ఏం చేశాయి? మెడ ముందుకు వంగిందా? ఊపిరి ఆగిందా? ఎవరూ నేర్పకుండానే ఒళ్లంతా ఎదురుచూసింది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు "ఇంకా రాలేదు" అనే రెండు మాటలు తీసుకుందాం. ఆది తాళం, విలంబ కాలం, అంటే నెమ్మది నడక. గదిలో గుమ్మాన్ని దారిగా అనుకోండి. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 8 అక్షరాలు (తాళపు లెక్కలు), గుమ్మం వైపు సమదృష్టితో చూడండి. రెప్ప వేయకుండా, నేరుగా. ఏ భావమూ పెట్టవద్దు. రెండో ఆవర్తనంలో ప్రలోకితం: దారికి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపు నడవాలి. మూడోదానిలో అలికిడి విన్నట్టు సాచి అనే దృష్టి: ముఖం తిప్పకుండా కంటి కొసతో. వచ్చింది మనం ఎదురుచూస్తున్న మనిషి కాదు. నాలుగోదానిలో అవలోకితం, చూపు నేలకు దిగుతుంది. ఈ దిగడానికి పూర్తి 8 అక్షరాలూ తీసుకోండి. తొందరగా దించితే అలక అవుతుంది, నెమ్మదిగా దించితే దిగులు అవుతుంది. ఒకే దృష్టి, వేగం మారితే అర్థమే మారిపోతుంది. నాకు అభినయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

రోజుకు పది నిమిషాలు చాలు. మూడో రోజు నుంచి ఎదురుచూసే మనిషిని మార్చండి: బడి నుంచి రావలసిన బిడ్డ కోసం తల్లి, ఉత్తరం కోసం ముసలాయన, ప్రియుడి కోసం నాయిక. ముఖంలో ఏం చూపాలో ఆలోచించవద్దు. వచ్చే మనిషి ఎత్తు ఎంతో మాత్రం తేల్చుకోండి. బిడ్డయితే చూపు గుమ్మం సగానికి దిగాలి.

ముఖమే సర్వస్వమనుకునేవారికి భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకం మంచి పాఠం. సత్యభామ ముందుగా తెర మీదుగా తన జడను మాత్రమే వేస్తుంది. ముఖం ఇంకా కనబడదు. అయినా ఆ జడ పడిన తీరులోనే ఆమె ఠీవి, ఆమె గర్వం సభకు తెలిసిపోతాయి. ఆడవేషానికి పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు పురుషుడై ఉండి సత్యభామగా సభలను మెప్పించారు. ఆ పాత్ర ఎవరిని చూస్తోందో, ఎందుకు చూస్తోందో లోపల స్థిరపడితే నడకా భుజాలూ దాని వెంటే వస్తాయి. బెరుకుకు అసలు మందు కూడా అదే. గుమ్మంలో మనిషి నిజంగా కనబడుతుంటే, నన్నెవరు చూస్తున్నారన్న ఆలోచనకు ఖాళీ ఉండదు.

వారం చివర ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి ఈ నాలుగు ఆవర్తనాలూ చేసి చూపండి. బామ్మ అయితే మరీ మంచిది. "బాగుందా?" అని అడగవద్దు. "ఎవరి కోసం చూశాను? ఎటు చూశాను?" అని అడగండి. మీరు చేస్తుండగానే బామ్మ తల తిప్పి గుమ్మం వైపు చూసిందంటే, వచ్చే వారం ఐదో పాఠంలో ఈ చూపుకు మాట కలుపుదాం.