గిట్‌కి డెస్క్‌టాప్ టూల్: ఎంచుకునే ముందు అరగంట పరీక్ష

బెంగళూరులో కొత్త టీమ్‌లో చేరగానే గిట్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే ప్రోగ్రామ్) నడపడానికి ఏ టూల్ మంచిదని అడిగితే, పక్క సీటు ఒక పేరు, ఎదుటి సీటు ఇంకో పేరు చెబుతాయి. ఎవరి అలవాటు వాళ్లకు ముద్దు. ముందు మీ లాప్‌టాప్ సంగతి తేల్చుకోండి.

ఉబుంటు (లినక్స్) అయితే సగం పేర్లు అక్కడికక్కడే రాలిపోతాయి. సోర్స్‌ట్రీ, ఫోర్క్, గిట్‌హబ్ డెస్క్‌టాప్ అధికారికంగా విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే, టార్టాయిస్‌గిట్ విండోస్‌కే. మిగిలేవి గిట్‌క్రాకెన్, స్మార్ట్‌గిట్, సబ్‌లైమ్ మెర్జ్, పైసా అక్కర్లేనిది కావాలంటే గిట్ కోలా. ఆఫీసు పనికి మొదటి మూడింటికీ లైసెన్స్ అడుగుతారు, కాబట్టి మేనేజర్‌తో ముందే మాట్లాడండి. విండోస్ లాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు లేకపోతే దిగులు పడొద్దు. గిట్ ఉంటే దానితోపాటే git gui, gitk అనే రెండు టూల్స్ వచ్చేసి ఉంటాయి. చూడ్డానికి పాతకాలం సరుకే గానీ పని చేస్తాయి.

ఇక అసలు పరీక్ష. రంగురంగుల బ్రాంచ్ (కోడ్‌లో విడిగా సాగే పాయ) గీతలకు పడిపోకండి, అవి చాలావాటిలో ఉంటాయి. ఒక ఉత్తుత్తి రిపో (గిట్ మార్పులు గమనించే ఫోల్డర్) పెట్టి, దర్శిని (బెంగళూరు టిఫిన్ హోటల్) మెనూ లాంటి ఫైలు రాయండి: ఇడ్లీ 40, వడ 30, దోసె 60. కమిట్ చేయండి, అంటే గిట్‌లో నమోదు చేయండి.

తర్వాత ఇడ్లీ, వడ రెండు ధరలూ మార్చి, ఇడ్లీ లైన్ ఒక్కటే కమిట్ చేసి చూడండి. పక్కపక్క లైన్లు కాబట్టి గిట్ రెండింటినీ ఒకే ముక్కగా చూపిస్తుంది. అందులోంచి ఒక్క లైన్‌ని మౌస్‌తో విడదీయలేని టూల్‌తో రోజూ ఇబ్బందే. వడ మార్పు వెనక్కి తీసేయండి.

ఇప్పుడు కాన్‌ఫ్లిక్ట్, అంటే ఒకే లైన్‌ని రెండు చోట్ల వేర్వేరుగా మార్చిన గొడవ. దోసెను ఒక బ్రాంచ్‌లో 65, ఇంకో బ్రాంచ్‌లో 70 చేసి మెర్జ్ కొట్టండి, అంటే రెండూ కలపండి. 65, 70 మాత్రమే చూపిస్తే చాలదు. మొదట్లో 60 ఉండేదని కూడా కనిపించాలి. అది లేకపోతే ఎవరు ఏం మార్చారో ఊహించుకోవాల్సిందే. మెర్జ్ రద్దు చేసి, ఇదే పని రీబేస్‌తో చేయండి. రీబేస్‌లో చాలా టూల్స్‌లో 'మైన్' (మనది), 'దెయిర్స్' (అవతలివాళ్లది) తారుమారవుతాయి: మీ కమిట్లను తీసుకెళ్లి అవతలి బ్రాంచ్ మీద ఒక్కొక్కటిగా పేరుస్తుంది గనుక, 'మైన్' అంటే అవతలి బ్రాంచ్. బటన్ మీద బ్రాంచ్ పేరు కూడా రాసే టూల్ దొరికితే వదలకండి. తొందరలో ఆ బటన్ నొక్కి సొంత కోడ్ పోగొట్టుకోవడం మామూలే.

చివరగా ఒక కమిట్ చేసి, హార్డ్ రీసెట్‌తో (బ్రాంచ్‌ని పాత కమిట్‌కి తిప్పేసేది) దాన్ని ఎగరగొట్టి, వెనక్కి తెచ్చుకోండి. టార్టాయిస్‌గిట్‌లో 'షో రెఫ్‌లాగ్' (బ్రాంచ్ ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉందో చెప్పే చిట్టా) అని మెనూలోనే ఉంది. కొన్నిట్లో ఇలాంటిదేమీ ఉండదు, టెర్మినల్‌లో git reflog కొట్టాలి. ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్ ఆనవాళ్లు మామూలు సెట్టింగ్‌తో రెఫ్‌లాగ్‌లో 30 రోజులు నిలుస్తాయి. కానీ కమిట్ చేయని మార్పుల్ని 'డిస్కార్డ్' కొడితే రెఫ్‌లాగ్ కూడా కాపాడదు. గిట్‌హబ్ డెస్క్‌టాప్ వాటిని రీసైకిల్ బిన్‌లో వేస్తుంది, ఆ మేరకు దానికి మార్కులు ఎక్కువ.

చాలామంది గమనించని చిక్కు ఆటో ఫెచ్, అంటే సర్వర్‌లోని కొత్త కమిట్లను టూల్ దానంతటదే తెచ్చుకోవడం. ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాన్ని మన కాపీతో బలవంతంగా మార్చేయడం) కొట్టేటప్పుడు 'విత్ లీజ్' (మనం చూడని కమిట్లు ఉంటే ఆగమనే షరతు) ఉంటే ఎదుటివాళ్ల కమిట్లు భద్రమనుకుంటాం. టూల్ మనకు తెలియకుండా వెనకాల ఫెచ్ చేసేస్తే, ఆ కమిట్లు మనం చూసేసినట్టే గిట్ లెక్కేసి పుష్‌ని అనుమతిస్తుంది. షేర్డ్ బ్రాంచ్ మీద పనిచేస్తుంటే ఆటో ఫెచ్ ఆపేయండి.

పెట్టుకున్నాక ఎదురయ్యేవి రెండు. టార్టాయిస్‌గిట్ మామూలుగా సర్వర్‌కి తన ప్లింక్ అనే ప్రోగ్రామ్‌తో వెళ్తుంది కాబట్టి మామూలు ఎస్ఎస్‌హెచ్ కీ (సర్వర్ మనల్ని గుర్తుపట్టే తాళం ఫైలు) తీసుకోదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఎస్ఎస్‌హెచ్ క్లయింట్‌గా గిట్‌తో వచ్చిన ఎస్ఎస్‌హెచ్‌ని చూపించండి. ఒక్క లైన్ మారిస్తే ఫైలంతా మారినట్టు కనిపిస్తే అది లైన్ ఎండింగ్‌ల (లైన్ చివర ఉండే కనిపించని గుర్తులు, విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఇంకోలా ఉంటాయి) గొడవ, టూల్ మార్చినా పోదు. రిపోలో గిట్ యాట్రిబ్యూట్స్ (.gitattributes) ఫైలు పెట్టాలి.