పంచుకున్న జాబితాలో చేర్చినది దొరకడం లేదా? ముందు ఇవి చూడండి

పాత తెలుగు పుస్తకాలు, వ్యాసాలు, పటాలు, శాసనాల ప్రతులు ఇంటర్నెట్‌లో ఎక్కడ కనిపించినా ఒకచోట రాసిపెట్టుకునే అలవాటు మా మిత్రబృందానికి ఉంది. గూగుల్ షీట్స్‌లో ఒక జాబితా, మాట్లాడుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూపు. జాబితాను చూసుకునే పని నాది. వారం తిరిగేలోగా ఎవరో ఒకరు అదే మాట అంటారు: "నేను చేర్చినది మాయమైంది." ఈ ఆరేళ్లలో నిజంగా మాయమైంది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ అది పెట్టినచోటే ఉంది, చూసేవాళ్లు మరోచోట చూస్తున్నారు.

దొరకలేదని అదే పుస్తకాన్ని మళ్లీ చేర్చకండి. అడగవలసింది ఇది ఒక్కటే. రెండోసారి చేర్చిన వరుస మొదటిదాన్ని బాగుచేయదు. రెండు చోట్ల రెండు రకాల వివరాలు పోగుపడి, ఏది సరైనదో తేల్చడానికి ఒక సాయంత్రం పడుతుంది.

లింకు నాకు తెరుచుకుంటోంది, వాళ్లకు అనుమతి అడుగుతోంది

గూగుల్ డ్రైవ్‌లో కొత్తగా తయారుచేసిన ఏ ఫైలైనా మొదట మీకు మాత్రమే కనిపిస్తుంది. లింకు పంపినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. షేర్ బటన్ నొక్కి, లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అన్న ఎంపికకు మార్చాలి. ఆ తరువాత అదే లింకును ఇన్‌కాగ్నిటో విండోలో (మీ ఖాతాను గుర్తించని బ్రౌజరు కిటికీ అది) తెరిచి చూసుకోండి. అక్కడ తెరుచుకుంటే అందరికీ తెరుచుకుంటుంది. అర నిమిషం పని. పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని చేయరు.

లింకు ఉన్న అందరికీ కాక ఒకరి ఈమెయిలుకే అనుమతి ఇచ్చారా? ఇచ్చాక కూడా తెరుచుకోకపోతే చాలాసార్లు తప్పు మీ వైపు లేదు. అవతలివారి ఫోనులో రెండు గూగుల్ ఖాతాలు ఉంటాయి. మీరు అనుమతి ఇచ్చింది ఒకదానికి, వాళ్లు తెరుస్తున్నది రెండోదానితో. మా బృందంలోని ఒక మాస్టారికి నేను ఒకే రోజు మూడుసార్లు అనుమతి ఇచ్చాను. చివరికి ఫోను చేసి, "మాస్టారూ, పై మూలన గుండ్రంగా ఉన్న బొమ్మను నొక్కి, అక్కడ ఏ ఈమెయిలు ఉందో చదవండి" అన్నాను. అది వాళ్ల అబ్బాయి ఖాతా. ఆ గుండ్రని బొమ్మను చూడటం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. దాన్ని చూడకుండా నన్ను ఏమీ అడగవద్దని గ్రూపులో రాసిపెట్టాను కూడా.

నిన్నటిదాకా ఉన్న వరుసలు ఈరోజు లేవు

ఎడమవైపు వరుస సంఖ్యలు చూడండి. 1, 2, 9, 14 అంటూ మధ్యలో దాటిపోతుంటే ఎవరో ఫిల్టర్ పెట్టి తీయడం మరిచారు. మార్పులు చేసే అనుమతి ఉన్నవారు మామూలు ఫిల్టర్ పెడితే అది అందరికీ వర్తిస్తుంది. ఫిల్టర్ తీసేయండి, వరుసలు తిరిగి వస్తాయి. ఇకమీదట ఎవరికి వారు ఫిల్టర్ వ్యూ పెట్టుకుంటే పక్కవారి తెర మీద ఏమీ మారదు.

ఫోనులో దాచిన లింకు కంప్యూటర్‌లో లేదు

క్రోమ్‌లో ఫోను నుంచి దాచిన బుక్‌మార్క్‌లు కంప్యూటర్‌లో పైన కనిపించే పట్టీలోకి రావు. మొబైల్ బుక్‌మార్క్‌లు అనే వేరే ఫోల్డరులో చేరతాయి. అక్కడా లేకపోతే ఫోనులో సింక్ ఆగి ఉంది, లేదా మళ్లీ ఆ గుండ్రని బొమ్మ సంగతే. ఫేస్‌బుక్ వంటి యాప్‌లలో లింకు నొక్కితే చాలాసార్లు ఆ యాప్ తన సొంత కిటికీలోనే పేజీని చూపిస్తుంది. చూడటానికి బ్రౌజరులాగే ఉంటుంది, కానీ అక్కడ "సేవ్" చేసినది మీ క్రోమ్‌లోకి రాదు, ఆ యాప్‌లోనే ఉంటుంది. పేజీని బయటి బ్రౌజరులో తెరిచి, ఆ తరువాతే దాచండి.

వాట్సాప్‌లో పంపిన లింకు పోయిందంటే, మాయమయ్యే సందేశాల అమరిక చూడండి. అది 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు రకాలు. గ్రూపులో అది పెట్టి ఉంటే లింకును జాబితాలోకి ఎక్కించాలి. వాట్సాప్ మాట్లాడుకోవడానికి మంచిది, దాచుకోవడానికి కాదు.

ఖాతా సరైనదే, ఫిల్టర్ లేదు, పేరు కంటికి కనిపిస్తోంది. అయినా వెతికితే రాదు

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. తెలుగులో జాబితా పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఒకరోజు ఇది ఎదురవుతుంది కాబట్టి నిదానంగా చెబుతాను.

మా జాబితాలో సి.పి.బ్రౌన్ నిఘంటువు మూడుసార్లు చేరింది, ముగ్గురు వేర్వేరు మనుషుల చేత. ముగ్గురూ చేర్చే ముందు వెతికామనే చెప్పారు. నేను నమ్మలేదు, నా కంప్యూటర్‌లో వెతికితే వెంటనే దొరికింది మరి. వెతకకుండానే వెతికామంటున్నారని ఒకరితో కాస్త కటువుగా కూడా మాట్లాడాను. తప్పు నాదే. ఆయన ఫోను తీసుకుని నేనే "బ్రౌన్" అని కొట్టి వెతికాను. రాలేదు. అదే పదం, అదే వరుస, నా కళ్ల ముందే ఉంది.

విషయం ఏమిటంటే, ఆయన కీబోర్డు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తోంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204 (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ కంప్యూటర్ల కోసం ఒక సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్). వెడల్పు సున్నా, కాబట్టి తెర మీద జాగా తీసుకోదు. తెలుగుకు అది అవసరమే. "బ్రౌన్"కు "కు" చేరిస్తే "బ్రౌన్కు" అని నకారానికి కవత్తు పడుతుంది. అలా పడకుండా "బ్రౌన్‌కు" అని విడిగా నిలబడాలంటే మధ్యలో ఆ గుర్తు ఉండాలి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ వంటి మాటలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. పదం మధ్యలో అది చేసే మేలు ఇది.

పదం చివర దానికి ఏ పనీ లేదు. అయినా కొన్ని కీబోర్డులు ప్రతి పొల్లు తరువాతా దాన్ని పెడతాయి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కొన్ని పనిముట్లూ అంతే. తెలుగు వార్తా సైట్ల నుంచి ఒక పేరును కాపీ చేసి తెస్తే, చాలాసార్లు దాని చివర ఇది అంటుకుని వస్తుంది. మనిషికి ఆ రెండు బ్రౌన్‌లూ ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు.

ఒకరికి దొరికి మరొకరికి దొరకకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వెతికే మాటలో గుర్తు లేకపోతే, జాబితాలో చివర గుర్తుతో ఉన్న మాట కూడా దొరుకుతుంది, ఎందుకంటే మీరు అడిగిన అక్షరాలన్నీ అందులో వరుసగా ఉన్నాయి. వెతికే మాటలోనే గుర్తు ఉంటే, గుర్తు లేని వరుసలు రావు. నా కీబోర్డు దాన్ని పెట్టదు, కాబట్టి నాకు అన్నీ దొరికేవి. జాబితా చూసుకునేవాడికి ఎప్పటికీ కనిపించని తప్పు ఇది, అందుకే దీన్ని పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

అనుమానం ఉంటే ఇలా తేల్చుకోండి. పక్క గడిలో లెన్ (LEN) ఫార్ములా పెట్టి ఆ పదంలో ఎన్ని అక్షరాలు ఉన్నాయో లెక్కించండి. "బ్రౌన్" అంటే బకారం, పొల్లు, రకారం, ఔత్వం, నకారం, పొల్లు: మొత్తం 6 రావాలి. 7 వస్తే చివర ఏదో కూర్చుని ఉంది. ఖాళీ జాగా కావచ్చు, ఈ గుర్తు కావచ్చు. అంచుల్లోని ఖాళీలను తీసేసే ట్రిమ్ (TRIM) ఫార్ములా పెట్టినా 7 అలాగే ఉంటే ఇదే అనుకోండి.

పరిష్కారం తెలిశాక నేను చేసిన మొదటి పని తప్పు, మీరు చేయకండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మొత్తం షీటులోంచి ఆ గుర్తును ఒక్క దెబ్బతో తీసేశాను. వెతుకులాట బాగుపడింది, చదవడం పాడైంది. సాఫ్ట్‌వేర్ "సాఫ్ట్వేర్" అయింది, ఫేస్‌బుక్ "ఫేస్బుక్" అయింది, వందల పేర్లకు వత్తులు మొలిచాయి. వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి ముందురోజు ప్రతిని తిరిగి తెచ్చుకున్నాను. ఆ సదుపాయం లేకపోతే ఆ జాబితాను చేత్తో దిద్దవలసి వచ్చేది.

సరైన దారి వేరు. చదివే నిలువు వరుసను ముట్టుకోవద్దు. పక్కన ఇంకో నిలువు వరుస తయారుచేసి దాన్ని దాచిపెట్టండి. అందులో సబ్‌స్టిట్యూట్ (SUBSTITUTE) ఫార్ములాతో పేరును తెచ్చుకుని, యూనికార్ 8204, అంటే UNICHAR(8204), ఉన్నచోట ఏమీ లేకుండా చేయండి. దాని అన్న 8205 (జీరో విడ్త్ జాయినర్, అదీ కంటికి కనిపించదు) కూడా ఉంటుంది, దాన్నీ తీసేయండి. చివరగా ట్రిమ్ వేయండి. ఇక వెతకడానికి ఒక గడి కేటాయించి, అందులో కొట్టిన మాటను కూడా అదే ఫార్ములాతో శుభ్రం చేసి, ఆ దాచిన నిలువు వరుసతో పోల్చి చూపించేలా పెట్టండి. రెండు వైపులా శుభ్రం చేయాలన్నది మరవకండి. ఒకవైపే చేస్తే పాత కథ తిరగబడి కొనసాగుతుంది, ఈసారి అసలే దొరకదు.

అదే ఫార్ములాలో ఇంకొకటి కలపండి. తెలుగు అంకెల్లోని సున్నా, అక్షరాల పక్కన రాసే సున్న చూపుకు దాదాపు ఒకటే. యూనికోడ్‌లో మొదటిది 3174, రెండోది 3074. స్కాన్ చేసిన పుస్తకాల నుంచి యంత్రం చదివి తెచ్చిన పాఠంలో "సంధ్య" అన్న మాటకు అంకె సున్నా పడిన సందర్భాలు నేనే చూశాను. 3174ను 3074గా మార్చేస్తే ఆ బాధ తీరుతుంది. జాబితాలో తెలుగు అంకెలు నిజంగా వాడుతుంటే మాత్రం ఇది చేయకండి, ౧౦ కాస్తా చెడిపోతుంది.

లింకుల చివర కూడా ఈ గుర్తు అంటుకుంటుంది. తెలుగు వికీపీడియా పేజీకి ఇచ్చిన లింకు, "ఈ పేరుతో పేజీ లేదు" అంటే, చిరునామా పట్టీలో లింకు చివర శాతం గుర్తులతో అదనపు ముక్కలు ఉన్నాయేమో చూడండి. వాటిని తుడిచేస్తే పేజీ తెరుచుకుంటుంది.

పుస్తకం ఉందని తెలుసు, పేరుతో వెతికితే ఆర్కైవ్‌లోనే రావడం లేదు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిలో చాలావాటి పేర్లు రోమన్ లిపిలో ఉంటాయి, ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది. తెలుగులో కొడితే రాదు. దొరికిన రోజునే మూడు విషయాలు జాబితాలో ఎక్కించండి: తెలుగు పేరు, అక్కడ రాసి ఉన్న రోమన్ పేరు యథాతథంగా, ఆ పుస్తకానికి ఆర్కైవ్ ఇచ్చిన గుర్తింపు పేరు (ఐడెంటిఫైయర్). తెలుగులోనూ గ్రంథం, గ్రంధం అని రెండు రకాలుగా రాసేవాళ్లు ఉన్నారు. వెతికేటప్పుడు రెండూ ప్రయత్నించండి.

ఒక ఉత్త లింకును మాత్రం చేర్చకండి. ఏమిటో, ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయండి. ఆరు నెలల తరువాత మీరు వెతికేది ఆ వాక్యంలోని మాటతోనే.

లింకు ఉంది, పేజీ లేదు

సైటు మూతపడింది. సైట్లలోని కొత్త రాతలను ఒకచోట చూపే గూగుల్ రీడర్ 2013 జూలైలో, లింకులు దాచుకునే పాకెట్ 2025 జూలైలో ఆగిపోయాయి. ఇష్టపడి వాడిన పనిముట్లూ ఇలా వెళ్లిపోతాయి. వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా ఇచ్చి చూడండి, చాలాసార్లు ప్రతి ఉంటుంది. ముఖ్యమైన పేజీని మీరే అక్కడ భద్రపరచవచ్చు కూడా. నెలకోసారి జాబితాను, బుక్‌మార్క్‌లను ఫైలుగా దించి మీ దగ్గర ఉంచుకోండి.

అరుదైనవి

గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండితే డ్రైవ్‌లో కొత్త ఫైళ్లు చేరవు, కాస్త ఖాళీ చేయండి. షీటు గడుల పరిమితి కోటి, మన జాబితాలు దాని దరిదాపుల్లోకి వెళ్లవు. నెట్ లేనప్పుడు చేర్చిన వరుస ఆలస్యంగా చేరుతుంది, ఒక గంట ఆగండి.

నిజంగా మాయమైన ఆ ఒక్కసారి సంగతి. శాసనాల జాబితాను ఒక మిత్రుడు తన కార్యాలయ ఖాతాలో తయారుచేశారు. ఉద్యోగం మారారు, ఖాతా మూతపడింది, షీటు దానితో వెళ్లిపోయింది. సంస్థ ఖాతాలోని ఫైలు యాజమాన్యాన్ని బయటి సొంత ఖాతాకు మార్చడానికి వీలుండదు. ఖాతా ఉన్నప్పుడే దాన్ని సొంత ఖాతాతో పంచుకుని, అక్కడ ఒక నకలు చేసుకుని, కొత్త లింకును అందరికీ పంపాలి. మీ బృందం జాబితా ఎవరి ఖాతాలో ఉందో ఈరోజే కనుక్కోండి.