పెరటి కూరగాయలతో భోగి వంట: కలగూర, సజ్జరొట్టె

ఏం వండాలో ముందు రాసుకుని ఆ తర్వాత పెరట్లోకి వెళ్తే భోగి వంట జరగదు. ముందు పెరడు చూడండి, మెనూ తర్వాత. మా అనంతపురం వైపు నువ్వులద్దిన సజ్జరొట్టె, దాంట్లోకి కలగూర, ఈ రెండూ కుదిరితే పండగ వచ్చినట్టే, మిగతావి మీ ఓపిక. కాకపోతే జనవరిలో కోయాలంటే పని వానాకాలంలోనే మొదలుపెట్టాలి.

జూలైలో గోడ పక్కన నాలుగు అనప (చిక్కుడు జాతి) గింజలు వేయండి. తీగ నెలల తరబడి పాకుతూనే ఉంటుంది, పూత మాత్రం కనపడదు, టెన్షన్ పడి పీకేయొద్దు. నాటు రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తాయి, అందుకే కాయ చలికాలంలోనే. ఆ చలితోనే పేనుబంక కూడా వస్తుంది. బాగా పట్టిన కొసలు తుంచి పారేసి, మంచు తడి ఆరకముందే కట్టెల బూడిద చల్లండి. వారంలో తినబోయే కాయల మీద మందు కొట్టే ఆలోచనే వద్దు.

గుమ్మడికాయ తొడిమ ఎండి, పైతోలు మీద గోరు దిగకపోతే పండినట్టు. తొడిమ కాస్త ఉంచి కోయాలి, అది ఊడిన కాయ అక్కడి నుంచే కుళ్ళడం మొదలవుతుంది. గాలాడే చోట నీడన పెడితే పండగ దాకా ఏమీ కాదు. మన దగ్గర వానలు ఎలాగూ అంతంతమాత్రం కాబట్టి బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పాదుల్లోకే పోయండి, పైన చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు మందంగా పరిస్తే తడి నిలుస్తుంది.

పండగ ముందురోజు సాయంత్రం అనపకాయలు కోసి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒలిపించండి. బుట్టెడు కాయ ఒలిస్తే గింజలు కొంచెమే వస్తాయి, ఒక్కరే కూర్చుంటే నడుం పోతుంది. ఎండు చెనిక్కాయ గింజలు ఒక గ్లాసు రాత్రే నానబెట్టుకోండి. వంకాయలు, మటిక్కాయలు (గోరుచిక్కుళ్ళు), కొత్తిమీర మాత్రం పొద్దున్నే కోసుకోవచ్చు.

ఆరుగురికి కలగూర అంటే అనపగింజలు రెండు గ్లాసులు, గుమ్మడి ముక్కలు పావు కేజీ, లేత వంకాయలు పావు కేజీ, గుప్పెడు మటిక్కాయలు, రెండు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు). అన్నీ ఒకేసారి వేసేస్తే గుమ్మడి గుజ్జయిపోయి అనపగింజ పలుకుగానే ఉంటుంది. చెనిక్కాయ గింజలు, అనపగింజలు, మటిక్కాయలు ముందు ఉడకాలి. అనపగింజ వేళ్ళ మధ్య నొక్కితే మెదిగేదాకా ఆగండి, ముదురు గింజ పచ్చిగా అస్సలు తినకూడదు. తర్వాత వంకాయ, చివర్లో గుమ్మడి. చింతపండు పులుసు గింజలన్నీ మెత్తబడ్డాకే పోయాలి, ముందే పులుపు తగిలితే ఎంతసేపు మంట పెట్టినా అవి ఉడకవు. వేయించిన నువ్వులు, ధనియాలు, ఎండుమిరపకాయలు, ఎండు కొబ్బరి, తెల్లగడ్డ (వెల్లుల్లి) నూరి ఆ ముద్ద కలిపి, చిన్న బెల్లం ముక్క వేసి పది నిమిషాలు సన్నమంట మీద వదిలేయండి. తిరగమాతలో ఎర్రగడ్డలు ఎర్రగా వేగాలి. గరం మసాలా వేసేవాళ్ళున్నారు, నాకైతే అనపగింజల వాసన చచ్చిపోతుందనిపిస్తుంది.

ఇక సజ్జలు. పెరట్లో పండవు కదా, కొత్త పంట కొనుక్కోండి, పిండి మాత్రం పండగకి రెండు మూడు రోజుల ముందే మర పట్టించండి. సజ్జల్లో నూనె ఎక్కువ, అందుకే పిండి నిలవుంటే చేదెక్కుతుంది. రొట్టె విరుగుతోందంటే చాలాసార్లు పాత పిండో, చల్లటి నీళ్ళో కారణం. ఈ పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, మరిగే నీళ్ళు పోసి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించాలి. ఒక్కో రొట్టెకి సరిపడా ముద్ద తీసుకుని, పొడిపిండి చల్లి అరచేత్తో తట్టి, తడిచేత్తో నువ్వులు అద్దండి. నువ్వుల వైపు పైకి ఉండేలా పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పేయండి. కట్టెల పొయ్యి ఉంటే చివర్లో నిప్పుల మీద ఒక నిమిషం.

పక్కన పెరుగు, వెన్న, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఉంటే చాలు. ఓళిగలు (బొబ్బట్లు) మర్నాడు సంక్రాంతికి పెట్టుకోండి, రెండూ ఒకేరోజు నెత్తినేసుకుంటే వండినవాళ్ళు తినే టైముకి నిద్రపోతారు. కలగూర మిగిలితే రాత్రి ఒకసారి మరగనిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు రుచి పెరుగుతుంది, గుమ్మడి ముక్క మాత్రం వెతికినా దొరకదు. కనుమ రోజు నాటుకోడి, రాగిసంగటి సంగతి వేరే, పెరట్లో కోళ్ళు లేనివాళ్ళకి అది సంత లెక్క.