ఒంగోల్లో సమ్మర్ మ్యూజిక్ క్యాంప్ పెట్టాలనుకుంటే ఇట్టా పెట్టండి

సమ్మర్ క్యాంప్ అనగానే ముప్పై మందిని వరసగా కూర్చోబెట్టి సరళీస్వరాలు చెప్పి పంపిస్తన్నారు, బడులు తెరిచేసరికి పిల్లలకి ఒక్కటీ గుర్తుండదు. అట్టా వద్దబ్బా. అమెరికాలో లెనాక్స్ అనే ఊళ్ళో 1957 నుంచి 1960 దాకా ఏటా ఆగస్టులో మూడు వారాలు జాజ్ స్కూల్ నడిచింది, పియానిస్ట్ జాన్ లూయిస్ దానికి పెద్ద. పాఠాలు ఉండేవి గానీ అసలు సంగతేందంటే విద్యార్థుల్ని చిన్న చిన్న బృందాలు చేసి ఒక్కోదానికి కచేరీలు చేసే విద్వాంసుణ్ణే పెట్టి, చివర్లో జనం ముందు వాయించేవాళ్ళు. 1959లో సాక్సాఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ అప్పటికే రికార్డులు ఇచ్చి కూడా విద్యార్థిగా వచ్చాడు చూడండి.

మనమూ అంతే, మూడు వారాలు చాలు. డేట్లు పెట్టేముందు పంచాంగం చూడండి, ముహూర్తాలుంటే సన్నాయి, డోలు, బ్యాండు మాస్టర్లు ఒక్కరూ దొరకరు, పెళ్ళిళ్ళే వాళ్ళకి తిండి పెట్టేది. మూఢం రోజులు కలిసొస్తే అదృష్టమే, లేకపోతే బృందానికి ఇద్దరు మాస్టర్లని మాట్లాడుకోండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాత. మే నెల ఎండలో మధ్యాహ్నం క్లాసు మాత్రం పెట్టొద్దు.

బృందానికి ఐదారుగురు. సన్నాయి, క్లారినెట్, డోలు, కీబోర్డు కలిపేయండి, ఒకే వాయిద్యం వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టొద్దు. మొదటిరోజే శృతి దగ్గర గొడవొస్తది. సన్నాయి రెండున్నర శృతిలో ఉంటే దాన్ని మార్చలేం, కీబోర్డు పిల్లాడే శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి దాని దగ్గరికి రావాలి. వాడు ఒక్కో మెట్టూ ఎక్కిస్తా పక్కవాడి ఊదుడు వింటాడు చూడండి, రెండూ కలిసినప్పుడు మొహం వెలిగిపోద్ది, ఆ పది నిమిషాలు తొందర పెట్టొద్దు.

సాయంత్రం అరగంట చరిత్ర చెప్పండి, లెనాక్స్‌లోనూ జాజ్ చరిత్ర క్లాసు ఉండేది. మనకి పక్కనే కరవది ఉంది, సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టిన ఊరు. ఆయన తమిళనాడు పోయి తంజావూరు బాణీ నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారని మన ఒంగోలు పిల్లలకే తెలవకపోతే నాకు బాధేస్తది. ఆయన రికార్డింగు వినిపించి, వెంటనే ఒక జాజ్ సాక్సాఫోన్ ముక్క వినిపించండి.

చివరిరోజు కచేరీకి బృందానికి రెండు పాటలు, మాస్టర్లు పక్కనే ఉండాలి గానీ ముందుకి రాకూడదు. ముందురోజే మైకు చూసుకోండి, కీబోర్డుకి ఇన్వర్టర్ లైను తప్పకుండా ఇప్పించండి.