చిన్న సినిమాలో ఫైట్ చేయాల్సిన నటుడికి: దెబ్బ, పడడం, రోప్, పేమెంటు

చిన్న బడ్జెట్ యాక్షన్ సినిమాలో ఒక ఫైట్‌కి దొరికేది రెండు రోజులు, మహా అయితే మూడు. డూప్ ఉండడు. ఫైట్ మాస్టరుగారు పొద్దున కంపోజ్ చేసింది మధ్యాహ్నానికల్లా కెమెరా ముందు చేసెయ్యాలి. ఈ రకం సినిమాల్లో పదేళ్లు నిలబడాలంటే ముందు కాపాడుకోవాల్సినవి మోకాళ్లు, భుజాలు, మెడ. సిక్స్ ప్యాక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో గది తీసుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టకముందే ఆరు నెలలు జూడో గానీ జిమ్నాస్టిక్స్ గానీ నేర్చుకోండి. కొట్టడం సెట్లో ఫైటర్లు నేర్పుతారు. పడడం నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

వెనక్కి పడేటప్పుడు ముందు గడ్డాన్ని ఛాతీకి ఆనించండి, లేదంటే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. మోకాళ్లు వంచి కిందికి కూర్చుంటున్నట్టు దిగి, పిరుదు మీద నుంచి వీపు మీదికి దొర్లాలి. నేల తగిలే క్షణంలో ఊపిరి వదిలేస్తూ రెండు చేతులూ మోచేతి నుంచి అరచేతి దాకా ఒకేసారి నేలకు చరచాలి. చేతులు ఒంటికి 45 డిగ్రీల వాలులో ఉండాలి. అందరూ చేసే తప్పు ఒకటుంది: పడుతూ ఒక చెయ్యి వెనక్కి చాపి ఆపుకోబోతారు. బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరుగుతుంది, లేదా కాలర్ బోన్ పోతుంది. ఇది అలవాటుగా వచ్చే పని కాబట్టి, ఫోమ్ బెడ్ మీద రోజుకి ముప్పై సార్లు చొప్పున పడి ఆ అలవాటు మాన్పించుకోవాలి.

ఇక దెబ్బ. పిడికిలి ముఖానికి కనీసం జానెడు దూరంలో పోవాలి. అయినా తగిలినట్టు కనిపించాలంటే కెమెరా, పిడికిలి, ముఖం ఒకే గీత మీద ఉండాలి. అందుకే కొట్టేవాడి భుజం వెనక నుంచో, దెబ్బ తినేవాడి భుజం వెనక నుంచో షాట్ పెడతారు. పక్క నుంచి తీస్తే ఆ జానెడు ఖాళీ తెరమీద పట్టిచ్చేస్తుంది. కెమెరా అసిస్టెంటు అలా ఫ్రేమ్ పెడితే మర్యాదగా మాస్టరుగారికి చెప్పండి. అవతలివాడు కుడిచేత్తో హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు) వేస్తే మీ ఎడమ చెంప వైపు నుంచి వస్తుంది, కాబట్టి మీ తల మీ కుడికి తిరగాలి. ముందు గడ్డం కదలాలి, దాని వెంట భుజం, ఆ తర్వాత నడుము. మూడూ ఒకేసారి కదిలితే బొమ్మ తిరిగినట్టుంటుంది. పిడికిలి ముక్కు దాటే క్షణంలోనే రియాక్షన్ మొదలవ్వాలి. ముందే మొదలైతే ఎడిటింగ్‌లో కూడా సరిచేయలేరు. కొట్టేవాడు చెయ్యి ఎత్తేముందు ఇద్దరి కళ్లూ కలవాలి. కలవకపోతే ఆ టేక్ చేయకండి.

కెమెరా ఎంత స్పీడులో తిరుగుతోందో ప్రతి షాట్‌కీ అడగండి. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు; 22 ఫ్రేముల్లో తీస్తే తెరమీద దాదాపు తొమ్మిది శాతం వేగంగా కనబడతారు, కాబట్టి మీరు కంగారు పడక్కర్లేదు, కదలిక తేటగా ఉంటే చాలు. 48లో తీస్తే ముఖం మీద నొప్పి రెట్టింపు సేపు కనిపిస్తుంది. దెబ్బ తిన్నాక కళ్లు శూన్యంగా ఉంటే అక్కడ దొరికిపోతారు.

దెబ్బ తగలగానే చొక్కా మీంచి దుమ్ము లేస్తుంది చూశారా, అది ముందుగా చల్లిన ముల్తానీ మట్టి. దొరక్క మైదా చల్లుతామంటే, దగ్గర్లో మంట ఉన్న సీన్లో ఒప్పుకోకండి. గాల్లో లేచిన పిండి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. సీసా సీన్లో పంచదార పాకంతో పోసిన సీసానే వాడాలి. అది చెమ్మ పీల్చి మెత్తబడి జిగురెక్కుతుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే పోయించాలి. పాకం సీసా ముక్క కూడా కంట్లో గుచ్చుకుంటుంది. కళ్లు మూసుకుని, వీపు పైభాగాన కొట్టించుకోండి.

తాడుతో గాల్లోకి లాగే రోప్ షాట్ ఉంటే, తాడు తగిలించే పట్టీల హార్నెస్ మీరే తొడుక్కుని మీరే చూసుకోండి. తొడ పట్టీలో రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. హుక్కుకి మర లాక్ ఉండాలి, అది తిప్పి బిగించి ఉండాలి. లాగేవాళ్లు నలుగురున్నా "లాగు" అనే గొంతు ఒక్కటే ఉండాలి. ఇద్దరు అరిస్తే రెండు వైపులా బరువు ఒకేలా పడక గాల్లో తిరిగిపోతారు.

కంటిన్యూటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మేకప్, బట్టలు ఒకేలా ఉన్నాయా అని) చూసేవాళ్లు చిన్న యూనిట్లో ఒక్కోసారి ఉండనే ఉండరు. ప్రతి షాట్ అయ్యాక మీ ఫోన్‌లో రెండు ఫొటోలు తీయించుకోండి: రక్తం ఏ చెంప మీద, చొక్కా ఏ చెయ్యి మడత ఎక్కడిదాకా. ఎండలో లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి గుక్క గుక్కగా తాగుతుండండి. తలకి దెబ్బ తగిలి వాంతి వచ్చినా, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజుకి పని ఆపి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. "ఒక్క టేకే కదా బాబూ" అన్నా ఆ టేక్ కోసం ఆగకూడదు.

వేషం కోసం డబ్బు కట్టమన్న ఆఫీసు మెట్లు దిగేయండి. మాట ఖాయమైనప్పుడే ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఎన్ని కాల్షీట్లు (షూటింగ్‌కి ఇచ్చే రోజులు), రోజుకి బేటా (రోజువారీ ఖర్చు డబ్బు) ఎంత, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, మిగిలిన పేమెంటు బాకీ డబ్బింగ్‌కి ముందా తర్వాతా. మీ చేతిలో ఉన్న బలం డబ్బింగే. అది అయిపోయాక బాకీ అడగడం చాలా కష్టం. డబ్బింగ్ రోజునే, విడుదలకు ముందు బయట పెట్టనని మాటిచ్చి, మీ ఫైట్ ముక్క ఒక నిమిషం అడిగి తీసుకోండి. చిన్న సినిమాలు మధ్యలో ఆగిపోతుంటాయి, హార్డ్ డిస్క్ ఎవరింట్లో ఉందో తర్వాత తెలియదు. వచ్చే ఆఫీసులో చూపించడానికి మీ దగ్గరుండేది ఆ నిమిషమే.