జపాన్‌లో నగరం దాటి ఒక్కరోజు తిరిగొచ్చే వాళ్లకు: జూన్ నుంచి అక్టోబరు దాకా జాగ్రత్తలు

టోక్యోలో శిబుయా కూడలి, క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి లాంటివి చూసేశాక జనం లేని చోటికి వెళ్లాలనిపించడం సహజం. టోక్యో నుంచైనా ఒసాకా నుంచైనా గంటా రెండు గంటల రైలు దూరంలో సున్నపురాతి గుహలు, వాడకంలో లేని సొరంగాలు, కొండమీది గుళ్లు చాలానే ఉన్నాయి. చిక్కల్లా కాలంతోనే. జూన్ మొదట్లో త్సుయు వానలు పట్టుకుంటాయి. జులై మధ్యకు అవి వెళ్లగానే ఉక్కపోత మొదలవుతుంది. అది తగ్గకముందే తుపాన్లు వస్తాయి. ఇలాంటి చోట్లకు వెళ్లడం ఎవరికీ కష్టం కాదు. ఇబ్బందుల్లో చాలావరకు తిరిగొచ్చేటప్పుడే వస్తాయి. అందుకే ప్లాను తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేసుకోవాలి.

తిరుగు బస్సు ముందు, మిగతాది తర్వాత

టోక్యో పడమటి కొసన ఉన్న ఓకుతామానే చూడండి. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో రెండు గంటల లోపే చేరొచ్చు, మధ్యలో ఓమే స్టేషన్‌లో మారాలి. అక్కడి నుంచి నిప్పారా గుహకు బస్సుంది. పనిదినాల్లో ఆ బస్సు గుహ దాకా వెళ్తుంది. శని, ఆదివారాల్లో, సెలవుల్లో మాత్రం హిగాషి నిప్పారాలోనే దింపేస్తుంది. అక్కణ్నుంచి 25 నిమిషాలు నడవాలి, తిరిగి రావడానికీ అంతే. ఈ నడక లెక్కలో వేసుకోని వాళ్లకు బస్సు కళ్లముందే వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు గంట తర్వాత కావచ్చు, అసలు లేకనూ పోవచ్చు.

స్టాపులోని టైంటేబుల్‌లో పనిదినాలకు, సెలవులకు వేర్వేరు వరుసలుంటాయి. సోమవారం కదా అని పనిదినం వరుస చూస్తే దెబ్బ తింటారు. జులై మూడో సోమవారం సముద్ర దినం, ఆగస్టు 11 పర్వత దినం, సెప్టెంబరు మూడో సోమవారం వృద్ధుల దినం. ఇవన్నీ జాతీయ సెలవులు కాబట్టి బస్సులు సెలవు వరుస ప్రకారమే నడుస్తాయి. ఆగస్టు 13 నుంచి 16 దాకా ఓబోన్, అంటే చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగ. అది జాతీయ సెలవు కాకపోయినా కొన్ని బస్సులు సెలవు టైమింగులకు మారతాయి, రైళ్లలో నిలబడే చోటుండదు. మ్యూజియంలకు సాధారణంగా సోమవారం సెలవు, సోమవారం పండగ పడితే మంగళవారం మూసేస్తారు.

దిగగానే చేయాల్సిన మొదటి పని రోడ్డుకు అవతలి వైపు, అంటే తిరుగు దిశలో ఉన్న స్టాపు వెతికి దాని టైంటేబుల్ ఫొటో తీసుకోవడం. ఆఖరి బస్సును మీ బస్సుగా పెట్టుకోవద్దు, దాని ముందుదాన్ని పెట్టుకోండి. పల్లెల్లో ఆఖరి బస్సు సాయంత్రం 5, 6 గంటలకే అయిపోవడం మామూలే.

చీకటి కూడా త్వరగా పడుతుంది. టోక్యోలో సూర్యాస్తమయం జూన్‌లో 7 గంటలకు, ఆగస్టు మధ్యలో 6:30కి, సెప్టెంబరు చివరికి 5:30కి, అక్టోబరు చివరికి 5 లోపే. కొండల మధ్య లోయలో అంతకు గంట ముందే వెలుతురు తగ్గుతుంది. మరోవైపు జూన్‌లో తెల్లవారుజామున 4:30కే సూర్యుడు వచ్చేస్తాడు. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం మూడుకల్లా తిరుగు దారి పట్టడమే మేలు.

టికెట్టు దగ్గర తడబడే చోట్లు

పల్లె బస్సుల్లో చాలావాటికి వెనక తలుపు నుంచి ఎక్కాలి. ఎక్కగానే చిన్న యంత్రం నంబరు చీటీ ఇస్తుంది. ముందున్న బోర్డులో ఆ నంబరు కింద చార్జీ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు చీటీతో పాటు సరిగ్గా అంతే చిల్లర డబ్బాలో వేయాలి. పక్కనున్న యంత్రం 1000 యెన్ నోటుకు చిల్లర ఇస్తుంది కానీ 5,000, 10,000 నోట్లు తీసుకోదు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి. పాత యంత్రాలు కొన్ని కొత్త 1000 నోటును ఇప్పటికీ వెనక్కి తోసేస్తాయి. 100, 50, 10 యెన్ నాణేలు కలిపి ఒక 2,000 దాకా విడిగా ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు.

ముందే డబ్బు వేసుకుని రైళ్లలో, బస్సుల్లో తాకించే సుయికా, ఇకోకా కార్డులు దేశమంతా పనిచేస్తాయన్నది సగం నిజం. ఒక ఏరియాలో ఎక్కి ఇంకో ఏరియాలో దిగడానికి మామూలుగా కుదరదు. టోక్యోలో సుయికాతో ఎక్కి, అతామి దాటి జేఆర్ సెంట్రల్ పరిధిలోని నుమజు వైపు వెళ్లి దిగితే గేటు తెరుచుకోదు. కౌంటర్‌లో నగదు కట్టి, కార్డులో పడిన ఎంట్రీని తర్వాత తీయించుకోవాల్సి వస్తుంది. ఏరియా దాటే ప్రయాణానికి కాగితం టికెట్టే కొనండి. సిబ్బంది లేని చిన్న స్టేషన్లలో గేట్లుండవు, స్తంభంలాంటి రీడర్ మాత్రమే ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. ఒకటి మరిచిపోతే తర్వాతి స్టేషన్లో కార్డు లాకైపోతుంది. ఒకే ఉద్యోగి నడిపే వన్‌మ్యాన్ రైళ్లలో ఇలాంటి స్టేషన్ల దగ్గర మొదటి పెట్టె తలుపు మాత్రమే తెరిచే చోట్లున్నాయి, కాబట్టి ముందు పెట్టెలోనే కూర్చోండి.

ఏటి ఒడ్డు, వాన, తుపాను

అన్నిటికంటే ప్రమాదం ఏటి ఒడ్డే. మీ తలమీద ఎండ కాస్తున్నా ఎగువన గంటసేపు కుండపోత కురిస్తే చాలు, ఇరుకు లోయలో నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. 1999 ఆగస్టు 14న కనగావాలోని కురోకురా ఏటి మధ్య దిబ్బమీద డేరాలు వేసుకున్న వాళ్లు వరదలో చిక్కుకుని 13 మంది చనిపోయారు. ఖాళీ చేయమని అంతకుముందే హెచ్చరించినా వాళ్లు కదల్లేదు. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగులోకి మారినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, ఆనకట్ట నీళ్లు వదిలే ముందు మోగే సైరన్ వినిపించినా సామాను వదిలేసి గట్టెక్కండి. తీసుకుందామని ఆగొద్దు. నడుము లోతే కదా అని దిగడమూ తప్పే. కొండ ఏళ్లలో రాళ్లు నాచుపట్టి జారుతాయి, రెండడుగులు వేసేసరికి లోతు మారిపోతుంది.

జపాన్ వాతావరణ శాఖ సైట్‌లోని రాడార్ పటం రాబోయే గంటలో వాన ఎటు కదులుతుందో చూపిస్తుంది. ఆ పేజీని ఫోన్‌లో బుక్‌మార్క్ చేసుకోండి. హెచ్చరికలకు ఐదు స్థాయిలుంటాయి. మూడోది ఎరుపు, వృద్ధులూ పిల్లలున్న వాళ్లూ కదలాలి. నాలుగోది ఊదా, అందరూ ఖాళీ చేయాలి. ఐదోది నలుపు, అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మీరు పర్యాటకులు, ఆ చోటు మీకు తెలియదు కాబట్టి ఎరుపు దగ్గరే తిరుగు దారి పట్టండి.

తుపాను వచ్చే ముందే రైళ్లు ఆపేసే పద్ధతి అక్కడ ఉంది. దాన్ని కెయికకు ఉన్‌క్యు అంటారు. సాధారణంగా ముందురోజే ప్రకటిస్తారు. రైలు వాళ్లే రద్దు చేస్తే టికెట్టు డబ్బు కోత లేకుండా వెనక్కొస్తుంది. ప్రకటన వచ్చాక కొండలవైపు వెళ్లడం ఎంత దగ్గరైనా వద్దు. విమానం రోజుకు ముందురోజు కూడా ఇలాంటి ట్రిప్ పెట్టుకోకండి. 2018 సెప్టెంబరు తుపానులో ఒసాకా దగ్గర సముద్రంలో కట్టిన కన్సాయ్ విమానాశ్రయం రన్‌వే నీట మునిగింది, దాన్ని ఒడ్డుకు కలిపే వంతెనను ఓడ ఢీకొట్టడంతో వేలమంది లోపలే ఉండిపోయారు.

తుపాను వెళ్లిపోయిందని దారి బాగైందనుకోవద్దు. 2020 జులైలో కొండచరియలు పడి, క్యోటోలో కురమా వైపు వెళ్లే ఎయిజాన్ రైలు ఇచిహరా నుంచి అవతలికి 2021 సెప్టెంబరు దాకా నడవలేదు. గూగుల్ మ్యాప్‌లో కాలిబాట కనిపించడం వేరు, అది తెరిచి ఉండడం వేరు. ఆ ఊరి పర్యాటక కార్యాలయం పేజీని ఫోన్ అనువాదంతో చదివి బయల్దేరండి. టోక్యో పక్కనున్న చిబాలోని నొకొగిరి కొండ రోప్‌వే లాంటివి గాలికే ఆగిపోతాయి. అలాంటప్పుడు మెట్లమీదుగా దిగే ఓపిక ఉంటేనే పైకెక్కాలి.

చీకటి సొరంగాలు

ఒసాకా వైపు వెళ్లే వాళ్లకు మంచి చోటు ఒకటుంది. జేఆర్ ఫుకుచియామా లైనులో నమజే, తకెదాఓ స్టేషన్ల మధ్య 1986లో వదిలేసిన పాత రైలు పట్టాల దారి. ముకో ఏటి వెంబడి 4.7 కిలోమీటర్లు, రెండు గంటల నడక. 2016 నవంబరు నుంచి నడకదారిగా తెరిచారు. ఆరు సొరంగాలున్నాయి, పెద్దది 413 మీటర్లు. ఒక్క దీపం ఉండదు. కంకరా కొయ్య స్లీపర్లూ నేలలోనే ఉన్నాయి. ఫోన్ టార్చి చాలనుకుంటారు కానీ చేయి ఖాళీ ఉండదు, తడి చేతిలోంచి జారి స్లీపర్ల మధ్య పడితే వెతకడానికి వెలుతురే ఉండదు, పైగా తిరిగి రావడానికి కావాల్సిన చార్జింగ్ అయిపోతుంది. మనిషికో తలకు కట్టుకునే లైటు ఉండాలి. అడుగుభాగం మందంగా ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు. దారిలో టాయిలెట్ లేదు, నీళ్లు అమ్మే యంత్రం లేదు. నమజే స్టేషన్ నుంచి మొదలు దాకా లారీలు తిరిగే 176వ నంబరు రోడ్డు పక్కన నడవాలి, పిల్లల చేయి వదలొద్దు. అక్కడ నడవడం సొంత బాధ్యత మీదే అని ముందే రాసి పెట్టారు. వాన పడిన మర్నాడు మానుకోండి.

‘మాది విజయవాడ, ఎండ మాకు లెక్కా?’

లెక్కే. హీట్‌స్ట్రోక్ హెచ్చరికకు అక్కడ చూసేది మామూలు ఉష్ణోగ్రత కాదు, డబ్ల్యూబీజీటీ అనే సూచీ. అందులో 70 శాతం బరువు తేమను పట్టిచూపే తడిబల్బు కొలతదే, 20 శాతం ఎండ వేడిది, గాలి వేడిది 10 శాతమే. అంటే 35 డిగ్రీలున్నా గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా మన దగ్గర మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎవరూ మెట్లెక్కుతూ పది కిలోమీటర్లు నడవరు, ట్రిప్‌లో అదే చేస్తారు. ఈ సూచీ 33 చేరుతుందనుకుంటే ముందురోజు సాయంత్రం 5కో, ఆ రోజు తెల్లవారి 5కో హెచ్చరిక ఇస్తారు. అది ఉన్న రోజు కొండెక్కడం మాని గుహకో మ్యూజియానికో వెళ్లండి. నిప్పారా గుహలో ఏడాదంతా 11 డిగ్రీలే. చెమట చొక్కాతో లోపలికెళ్తే పది నిమిషాల్లో వణుకుతారు, పలచటి జాకెట్ ఒకటి పెట్టుకోండి.

మనిషికి లీటరున్నర నీళ్లు స్టేషన్ దగ్గరే కొనుక్కోండి, కొండ మీద యంత్రం ఉంటుందన్న నమ్మకంతో వెళ్లొద్దు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు ఉంచుకోండి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే అప్పుడే నీడకు చేరి, మెడ, చంకలు, తొడల మొదళ్లు చల్లబరచాలి. మాట తడబడితే ఇక ఆలోచించకుండా 119.

కందిరీగలు, జలగలు, కోతులు, ఎలుగులు

సుజుమెబాచి అనే పెద్ద కందిరీగ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గూడు దగ్గరకు ఎవరినీ రానివ్వదు. నల్ల బట్టలు, సెంటు దాన్ని రెచ్చగొడతాయి. చుట్టూ తిరుగుతూ దవడలు టకటకలాడిస్తుంటే అదే హెచ్చరిక. చేతులు ఊపకుండా, వంగి, మెల్లగా వెనక్కి నడవండి. ఓకుతామాలో ఎలుగుబంట్లున్నాయి, సంచికి గంట కట్టుకోండి, ఒంటరిగా వెళ్లొద్దు. చిబాలో ఎలుగులు లేవు కానీ బోసో కొండల్లో వానాకాలంలో జలగలుంటాయి. సాక్సులోకి ప్యాంటు దోపుకుని, ఉప్పు పొట్లం దగ్గరుంచుకోండి. ఒసాకా దగ్గర మినో జలపాతం దారిలో కోతులకు తిండి పెడితే 10,000 యెన్ దాకా జరిమానా.

తిండి, కాగితాలు

శాకాహారులు ఆశలు పెట్టుకోకపోతేనే మంచిది. సోబా నూడుల్స్ పులుసులో, కూరగాయల వంటకాల్లో కూడా చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. పల్లెల్లో హోటళ్లు రెండింటికే మూసేస్తారు, చాలాచోట్ల నగదు మాత్రమే. పొద్దున పులిహోరో చపాతీలో కట్టుకుని వెళ్లడమే దారి. దారిలో చెత్తబుట్టలుండవు, ఖాళీ కవర్లు వెంట తెచ్చుకోవాలి. ఇండియా నుంచి వెళ్లేటప్పుడు కోడి, మటన్ పచ్చళ్లు పెట్టుకోకండి, మాంసం ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో తీసేస్తారు.

పాస్‌పోర్ట్ హోటల్లో వదలొద్దు. పర్యాటకులు వెంట ఉంచుకోవాలన్నది చట్టం. పెద్ద సూట్‌కేసుతో చిన్న స్టేషన్లకు వెళ్లొద్దు, లాకర్లు నాలుగైదే ఉంటాయి, అవీ చిన్నవే. బస్సు తప్పితే చీకట్లో నడక మొదలుపెట్టకుండా, స్టాపు మీదున్న టాక్సీ కంపెనీ నంబరుకు ఫోన్ చేయండి. భాష అడ్డం వస్తే జపాన్ పర్యాటక సంస్థ హెల్ప్‌లైన్ 050-3816-2787 ఇరవైనాలుగు గంటలూ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. అంబులెన్సుకు, మంటలకు 119, పోలీసులకు 110. మీరున్న చోటు చెప్పలేకపోతే దగ్గరున్న కరెంటు స్తంభం మీది నంబరు, లేదా డ్రింకుల యంత్రం మీద అతికించిన చిరునామా చదివి చెప్పండి.