సబ్బు, క్రీం, జుట్టు రంగు: రొమ్ము క్యాన్సర్ భయం ఉన్నోళ్లు ఏం చూసి కొనాలె

దుకాణంల "పారాబెన్ ఫ్రీ" అని (అంటే పాడుగాకుండ కలిపే పారాబెన్ కెమికల్ లేదని) రాసున్న లోషన్ మామూలు దానికి రెండింతల రేటు ఉంటది, పక్కనే ఇంకో డబ్బా మీద "నాచురల్" అని ఆకు బొమ్మ ఉంటది, ఏది తీసుకోవాలెనో తెల్వక చాలామంది రేటు ఎక్కువున్నదే మంచిదనుకొని కొనేస్తరు. మా వదినెకు రొమ్ము ఆపరేషన్ అయినంక మా ఇంట్ల ఆడోళ్లందరికీ ఇదే టెన్షన్ పట్టుకుంది, అప్పటిసంది లేబుళ్లు చదువుడు నాకు అలవాటైపోయింది. నేను డాక్టర్‌ని గాదు. కానీ చదివి, అడిగి తెలుసుకున్నదాంట్ల నాకు అర్థమైంది ఒక్కటే, కొత్తగ "మంచి" డబ్బాలు కొనుడు కన్నా ఒంటి మీద పొద్దంత ఉండిపోయేవాటిని తగ్గించుకునుడే అసలు పని, దానికి పైసలు కూడా ఖర్చు గావు.

ముందుగాల ఒకటి చెప్పాలె, ఫలానా క్రీం వల్లనే రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఇప్పటిదాక ఎవరూ నిరూపించలేదు. వయసు, దగ్గరి రక్తసంబంధీకులల్ల ఎవరికన్న ఉండుడు, బీఆర్‌సీఏ జీన్లల్ల తేడా (తల్లిదండ్రుల నుంచి వచ్చేది), నెలసరి ఆగినంక బరువు పెరుగుడు, మద్యం తాగుడు, ఇవి పెద్ద కారణాలు. కాబట్టి పేషెంట్‌ని చూడవోయి "గా పౌడర్లు, క్రీములు పూసుకున్నవ్ గదా, అందుకే" అనేటోళ్లు జర నోరు అదుపుల పెట్టుకోవాలె. మరి ఎందుకు చూసుకోవాలె అంటే, రొమ్ము క్యాన్సర్లల్ల ఎక్కువ శాతం ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆసరాతోని పెరిగేవే, సబ్బుల్ల క్రీముల్ల వాడే కొన్ని కెమికల్స్ ఒంట్ల ఆ హార్మోన్ లెక్కనే కొంచెం పని చేస్తయి. 2004ల ఇంగ్లండ్‌ల రీడింగ్ యూనివర్సిటీల ఫిలిప్పా డార్బ్రే టీం 20 రొమ్ము గడ్డల్ని పరీక్ష చేస్తే వాటిల పారాబెన్లు కనిపించినయి, దాని మీద మస్తు గోలయింది, కానీ గడ్డ లేని రొమ్ముతోని వాళ్లు పోల్చి చూడలేదు, గడ్డకు కారణం అవే అని తేల్చలేదు. చంకల కొట్టుకునే డియోడరెంట్ల సంగతి కూడా అంతే, వాట్సాప్‌ల తిరిగేంత రుజువు సైన్స్‌ల లేదు.

నాకు ఎక్కువ పనికొచ్చింది 2016ల కాలిఫోర్నియాల వచ్చిన ఒక స్టడీ. సాలినాస్ ఊర్ల 100 మంది టీనేజ్ అమ్మాయిలకు మూడు రోజులు వేరే సబ్బు, క్రీం లాంటి సామాను ఇచ్చిన్రు, పారాబెన్, థాలేట్ (వాసన నిలిపే కెమికల్), ట్రైక్లోసాన్ (క్రిములను చంపే కెమికల్) లేవని లేబుల్ మీద ఉన్నవి. మూడు రోజుల్లనే మూత్రంల మిథైల్‌పారాబెన్ 44 శాతం, ప్రొపైల్‌పారాబెన్ 45 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గినయి. అంటే ఇవి ఒంట్ల ఏండ్లకేండ్లు కూసునేవి గావు, రోజూ మనమే పోస్తున్నం, ఆపితే పోతయి. విచిత్రమేందంటే ఇంకో రెండు రకాల పారాబెన్లు మాత్రం పెరిగినయి, లేబుల్ చూసి ఇచ్చినా గట్లయింది, అందుకే లేబుల్ని కూడా పూర్తిగ నమ్మొద్దు.

ఇగ పని మొదలుపెట్టుడు ఎట్ల అంటే, బాత్రూంల ఉన్నవి, అద్దం దగ్గర ఉన్నవి, హ్యాండ్‌బ్యాగ్‌లయి అన్నీ తెచ్చి మంచం మీద పోయండి. కడిగితే పోయేవి ఒక కుప్ప, అంటే సబ్బు, షాంపూ, ఫేస్‌వాష్. ఒంటి మీదనే ఉండేవి ఇంకో కుప్ప, అంటే బాడీ లోషన్, ఫేస్ క్రీం, పౌడర్, బాడీ స్ప్రే, లిప్‌స్టిక్, జుట్టుకు పెట్టే సీరం. ముందు రెండో కుప్ప సంగతే చూడాలె, అందుల కూడా ఒళ్లంతా పూసేవి ముందు. పెదవికి పండుగకో పెండ్లికో వేసే లిప్‌స్టిక్ గురించి దిగులుపడి, రోజూ మెడ నుంచి కాళ్లదాక పూసే లోషన్‌ని వదిలేస్తే లాభం లేదు. ఈ కుప్పల్ల డేట్ అయిపోయినవి, ఒకేపనికి నాలుగు ఉన్నవి తీసేస్తే సగం తగ్గుతది.

లేబుల్ చదువుడు కష్టమేం గాదు గాని అక్షరాలు చీమ తలకాయంత ఉంటయి, ఫోన్‌తోని ఫొటో తీసి పెద్దగ చేసుకోండి. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాస్తరు, ఒక శాతం లోపు ఉన్నవి చివర్ల ఏ వరుసల అయినా ఉండొచ్చు. పారాబెన్ల లాంటి ప్రిజర్వేటివ్‌లు ఎప్పుడూ తోకల్నే దొరుకుతయి, కాబట్టి కింది నుంచి పైకి చదవండి. "పారాబెన్" అని ముగిసే పేరు ఏదన్న ఉంటే, ముఖ్యంగ ముందట ప్రొపైల్, బ్యూటైల్ అని ఉంటే, లోషన్ల లాంటివాటిల వద్దనుకోండి. యూరప్‌ల 2014లనే ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ లాంటి ఐదు రకాల పారాబెన్లను బంద్ చేసిన్రు, మిగిలినవాటికి హద్దు పెట్టిన్రు. ట్రైక్లోసాన్ ఉన్న సబ్బులు అమెరికాల 2016ల వద్దన్నరు, మామూలు సబ్బుకన్నా అవి ఎక్కువేం కడుగుతలేవు. డీఎండీఎం హైడాంటోయిన్, క్వాటర్నియం 15, ఇమిడాజొలిడినైల్ యూరియా అన్నవి మెల్లమెల్లగ క్యాన్సర్ తెచ్చే ఫార్మాల్డిహైడ్ గ్యాస్‌ని విడుస్తయి, షాంపూలల్ల ఎక్కువ కనిపిస్తయి.

అన్నిటికన్నా దొంగ మాట "పర్ఫ్యూమ్" లేకపోతే "ఫ్రాగ్రెన్స్". ఆ ఒక్క పదం ఎనుక పదుల కొద్ది కెమికల్స్ ఉండొచ్చు, వాసన నిలిచేతందుకు కలిపే థాలేట్లు కూడా అందులనే దాగుతయి, విడిగ రాయరు. అందుకే ఒక్కటే మార్పు చేసే ఓపిక ఉన్నోళ్లకు నేను చెప్పేది, ఒళ్లంతా పూసేదాన్ని వాసన లేనిదాంతోని మార్చుకోండి. ఈడ జర జాగ్రత్త, "అన్‌సెంటెడ్" అంటే వాసన తెలియకుండ ఇంకో వాసన కలిపి ఉండొచ్చు, "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నది చూసుకోవాలె. లేకపోతే గానుగ కాడ పట్టిన కొబ్బరినూనో నువ్వుల నూనో స్నానం చేసి తడి ఆరకముందే పల్చగ రాసుకోండి, ఇగ చలికాలంల అంతకన్నా ఏం గావాలె.

ఆయుర్వేదిక్ అని ఉంటే ఇంట్ల పెద్దోళ్లు కండ్లు మూసుకొని నమ్ముతరు. నేను ఒక ఆయుర్వేదిక్ క్రీం డబ్బా తిప్పి చూస్తే మందుల పేర్లన్నీ సంస్కృతంల వరుసగ ఉన్నయి, అడుగున చిన్నగ "సోడియం మిథైల్‌పారాబెన్, సోడియం ప్రొపైల్‌పారాబెన్" అని ఉంది. దుకాణమాయన "అక్కా, ఇది హెర్బల్, ఏం గాదు" అంటనే ఉన్నడు! అట్లని ప్రిజర్వేటివ్ అస్సలే లేనిది మంచిదని గాదు, మన ఎండాకాలంల కలబంద గుజ్జు రెండు రోజులకే వాసనొస్తది, బూజు పట్టిన క్రీం ముఖానికి పూసుకుంటే అది వేరే తిప్పలు. నీళ్లు లేని నూనెలు, పొడులు ఎక్కువ రోజులు ఆగుతయి, వాటికి ప్రిజర్వేటివ్ అవసరం తక్కువ, అదొక్కటి గుర్తుంటే సగం కొనుగోలు ఈజీ అయితది.

తెల్లగ చేస్తదని అమ్మే క్రీములను మాత్రం కుప్పల్ల చూస్తనే చెత్తబుట్టల వేయండి, ఇందుల నాకు రెండో ఆలోచన లేదు. కంపెనీ అడ్రస్ లేనివి, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్ లేనివి, పేరున్న బ్రాండ్‌కి ఒక అక్షరం మార్చి అమ్మేవి జాతరల్ల, బస్టాండ్ల కాడ మస్తు దొరుకుతయి. వాటిల పాదరసం ఉంటే కిడ్నీలు దెబ్బతింటయి, కేరళ మలప్పురంల 2023ల ఇట్లాంటి కేసులే బయటపడ్డయి. ఇంకొన్నిట్ల స్టెరాయిడ్ ఉంటది, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అని పేర్లు. పెండ్లికి ముందు నెలరోజులు పూసి తర్వాత ముఖం ఎర్రగ మండి స్కిన్ డాక్టర్ కాడికి పోయేటోళ్లు తక్కువేం లేరు.

జుట్టు రంగు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాల్సిందే, ఎందుకంటే లెక్కలు గట్టిగ ఉన్నది దీని మీదనే. అమెరికాల సిస్టర్ స్టడీ అని 46,709 మంది ఆడోళ్ల మీద చేసింది 2019 డిసెంబర్‌ల వచ్చింది, వాళ్లందరూ అక్కకో చెల్లెకో రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లే. పర్మనెంట్ డై వాడినోళ్లకు రిస్క్ 9 శాతం ఎక్కువ, నల్లజాతి ఆడోళ్లకు 45 శాతం, జుట్టు స్ట్రెయిట్ చేసే కెమికల్స్ వాడినోళ్లకు 18 శాతం ఎక్కువ కనిపించింది. 9 శాతం అంటే నూరు మందిల తొమ్మిది మందికి వస్తదని గాదు, ఉన్న రిస్క్ మీద అంత పెరుగుతదని. 2020ల హార్వర్డ్ వాళ్లు 1,17,200 మంది నర్సుల లెక్క తీస్తే మొత్తంగ పెద్ద తేడా లేదు, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లల్ల మాత్రం కొంచెం పెరిగింది. నేనైతే ఏమంటనంటే, మానేయలేనోళ్లు ఎడం పెంచండి, నెలకొకసారి వేసేటోళ్లు రెండు నెలలకొకసారి, కుదుళ్లకు తాకకుండ, చేతులకు గ్లౌజులు పెట్టుకొని వేసుకోండి.

మైదాకు మంచిదే గాని మైదాకు ఎప్పుడూ నల్లగ పండది, ఎర్రగనే పండుతది. "బ్లాక్ హెన్నా" అని ప్యాకెట్ మీద రాసి అరగంటల కాటుక లెక్క నల్లగైతే అందుల పీపీడీ (పారాఫెనిలిన్‌డయమిన్) అనే రంగు కెమికల్ ఉన్నట్టే, నెత్తి దురద, మొఖం వాచుడు దాంతోనే. నల్లగ గావాలంటే ముందు మైదాకు పెట్టి కడిగి, తర్వాత నీలి ఆకు పొడి పెట్టుకోవాలె, సగం పూట పడతది, ఆదివారం పెట్టుకోండి. కోన్లు కూడా కిరోసిన్ వాసనొచ్చేవి కొనకండి, ఆషాఢంల చెట్టు ఆకు నూరుకున్నంత భరోసా దేంట్ల లేదు. పార్లర్ల స్మూతనింగ్, కెరటిన్ అని చేసినప్పుడు పొగకు కండ్లు మండుతున్నయంటే అది ఫార్మాల్డిహైడ్ అయ్యుండొచ్చు, "ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అని చెప్పి మిథిలీన్ గ్లైకాల్ ఉన్నది వాడినా ఒకటే, అది నీళ్లల్ల కలిపిన ఫార్మాల్డిహైడే. ఆ ప్యాకెట్ చూపించమని అడగండి, పార్లర్ చెల్లె ఏమన్న అనుకుంటదని మొహమాటపడకండి, ఆమె రోజంత ఆ పొగలనే నిలబడతది.

పసుపు కూడా ఒంటికి పూసేదే గదా. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు దొరుకుతది, అది సీసం, క్యాన్సర్ సంగతి పక్కన పెట్టినా పిల్లల మెదడుకు విషం. మనకు నిజామాబాద్, ఆర్మూర్ పసుపు పక్కనే ఉండంగ పొడి ప్యాకెట్ ఎందుకు, కొమ్ములు తెచ్చి కడిగి ఎండబెట్టి గిర్నీల పట్టించుకోండి. నలుగుకు శనగపిండి, పెసరపిండి, తలకు కుంకుడుకాయ చాలు, కండ్లల్ల పడితే మండుతది గాని.

సామాను మార్చుకున్నం గదా అని టెస్టులు మానొద్దు. మన దేశంల 2022ల దాదాపు 1,92,000 కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు లెక్కకొచ్చినయి. 30 దాటినోళ్లకు సర్కారు దవాఖానల రొమ్ము పరీక్ష ఉంటది, మన తెలంగాణల ఆడోళ్ల కోసం మంగళవారాలు చూసేతట్టు ఆరోగ్య మహిళ అని 2023 మార్చి 8న మొదలుపెట్టిన్రు, మీ దగ్గర ఎక్కడ ఎప్పుడు చేస్తున్నరో ఆశా అక్కను అడగండి. రొమ్ముల నొప్పి లేని గడ్డ, చనుమొన లోపలికి గుంజుకుపోవుడు, దాంట్లకెల్లి రక్తం గారుడు, తోలు నారింజ తొక్క లెక్క గుంతలు పడుడు కనిపిస్తే అదే వారంల చూపించుకోండి.

ఇప్పుడు ట్రీట్మెంట్ నడుస్తున్నోళ్లకు రూల్స్ వేరే. రేడియేషన్ అయ్యే చోట పసుపు, పౌడర్, వాసన లోషన్ ఏదీ డాక్టర్‌ని అడగకుండ పూయొద్దు, గీసిన మార్కింగ్ గీతలను సబ్బుతోని రుద్దొద్దు, అవి పోతే మళ్ల గీయించుకోవాల్సొస్తది. కీమో అయినంక కొత్తగ వచ్చే జుట్టుకు రంగు ఎప్పుడు వేసుకోవచ్చో డాక్టరే చెప్పాలె. ఈస్ట్రోజెన్‌ని ఆపే హార్మోన్ మాత్రలు వాడేటోళ్లు యోనిల పొడిగ ఉందని ఈస్ట్రోజెన్ క్రీం సొంతంగ మెడికల్ షాపుల కొనుక్కోవద్దు. ఆపరేషన్‌ల చంకల లింఫ్ గడ్డలు తీసిన వైపు చేతికి వాపు రావొచ్చు, అందుకే ఆ చేతికి వ్యాక్సింగ్, బ్లేడు పెట్టకుండ ట్రిమ్మర్ వాడండి, తోలు పగలకుండ వాసన లేని క్రీం రోజూ రాయండి. మా వదినెకు ఫంక్షన్లల్ల గాజులు తొడిగేటోళ్లతోనే ఇబ్బంది, ఆ చేతికి బిగుతు గాజులు వద్దని డాక్టర్ చెప్పిండని ముందే చెప్పేస్తది, ఇంకో చేతికి డజన్ వేయించుకుంటది.